కాకిబంగారము – పండుగవేళ ముఖమునకు తళుకు దిద్దు విధానము

తెలుగు నిఘంటువులలో ‘కాకిబంగారము’ అను మాటకు రెండర్థములు కానవచ్చును. భూమిలో దొరకు అభ్రకము ఒకటి. బంగారమువలె మెరయు పలుచని లోహపు రేకు మరియొకటి. వాడుకలో మాత్రము ఈ మాట పరిహాసమునకే పేరుపడినది. పెండ్లిలో ఎవరైన పూతనగ ధరించి వచ్చినచో ‘అది కాకిబంగారమే’ యని చాటున అనుకొనుట కలదు. కాని మేలిమి బంగారము కొనలేని ఇండ్లలో పండుగ కళ యంతయు ఈ కాకిబంగారము మీదనే నిలిచినది. నాటకపు కిరీటము, ఊరేగింపు పల్లకి, పసిపిల్ల చెక్కిలిపై మెరయు చుక్క, అన్నిటికిని ఆధారము అదియే. ఓడలెక్కి చెరకుతోటలకు పోయిన తెలుగు కుటుంబముల పెట్టెలలో బంగారము అరుదు. మెరుపు మీది మక్కువ మాత్రము వారి వెంట పోయెను.

అభ్రమనగా మేఘము, దానినుండి అభ్రకమను పేరు కలిగినది. ఆంధ్రదేశమున దీనికి పుట్టినిల్లు నెల్లూరు సీమ. గూడూరు, సైదాపురము, రాపూరు ప్రాంతముల పెగ్మటైటు అను ముతక శిలలలో ఇది పొరలు పొరలుగా పెరిగియుండును. చాకు మొనతో విడదీసినచో పుస్తకపు పుటలవలె విడిపోవును. నిప్పునకు చెదరదు, విద్యుత్తును పోనీయదు. ఆ గుణముల వలననే విద్యుత్ యంత్రముల కొరకు ఈ గనుల సరకు దేశాంతరములకు ఎగుమతి యయ్యెను. అలంకరణకు పనికివచ్చు గుణము వేరు. ఎంత మెత్తగా నూరినను దాని రేణువులు గుండ్రనివి కాక బల్లపరుపుగానే యుండును. కావున చర్మముపై అవి పరుండి, చిన్న చిన్న అద్దములవలె వెలుతురును తిరుగగొట్టును. వ్రేళ్ల నడుమ రాచినచో పట్టువలె జారును. 1960 దశకము నుండి అభ్రకపు రేణువులకు టైటానియమ్ డయాక్సైడు అను పదార్థముతో అతి పలుచని పూత పూయు పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చెను. పూత మందము కొంచెము మారినచో బంగారు, ఎఱుపు, నీలి, ఆకుపచ్చ ఛాయలు కలుగును. సబ్బు బుడగపై రంగులు తిరుగుట యెట్టిదో ఇదియు అట్టిదే. జార్ఖండు, బీహారు రాష్ట్రములలో ఈ అభ్రకమును ఏరుటకు చిన్నపిల్లలను వినియోగించుట లోకమునకు తెలిసిన తరువాత కొందరు తయారీదారులు కృత్రిమ అభ్రకమునకు మరలిరి. ఒకరి చెక్కిలి మెరయుటకు వేరొక చోటి బాలుడు గోతిలో దిగవలసివచ్చుట తేలికగా కొట్టివేయదగిన విషయము కాదు.

పూర్వము తళుకు విలాసము కాదు, అవసరము. నాట్యశాస్త్రమున అభినయము ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా చెప్పబడినది. వేషభూషలును ముఖలేపనమును ఆహార్యమునకు చెందినవి. కూచిపూడి భాగవతులు కాగడాల వెలుగులో రాత్రి తెల్లవార్లు ఆడిన కాలమున, ప్రధాన పాత్ర తెర వెనుక నుండి వెడలునపుడు కాగడాపై గుగ్గిలపు పొడి చల్లెడివారు. భగ్గున మంట లేచిన ఆ ఒక్క క్షణమున కిరీటము, భుజకీర్తులు ధగధగలాడి, ఎక్కడనో వెనుక కూర్చున్న ముసలివానికి సైతము సత్యభామ వచ్చినదని తెలియవలెను. ఆ నగలు తేలికయైన కొయ్యతో చేసి బంగారు కాగితమును తళుకులను అంటించినవి. నిజమైన బంగారమే యైనచో ఆ బరువుతో గంతు వేయుట ఎవరి తరము? అయితే నాటి ముఖలేపనమంతయు మేలైనదని తలచుట పొరపాటు. ముఖమునకు పసిమి ఛాయ తెచ్చుటకు నటులు పూసికొనిన అరిదళము పాషాణజాతి ఖనిజము. అందు ఆర్సెనిక్ అను విషధాతువు కలదు. పాతది యగుటచేతనే ఒక వస్తువు హితమైనది కాజాలదు.

తోటలకు పోయినవారు ఈ కళను విడువలేదు. 1834 నుండి మారిషస్ ద్వీపమునకు, 1860 నవంబరు 16న డర్బను రేవు చేరిన ‘ట్రూరో’ ఓడతో మొదలుకొని నాటాలునకు, 1903 నుండి మద్రాసు రేవు మీదుగా ఫిజీకి దక్షిణదేశపు కూలీలు ఒప్పందములపై పోయిరి. మారిషస్‌లో తెలుగువారికి కోరంగి రేవును బట్టి ‘కోరంగీలు’ అను పేరే వచ్చినది. నాటాలు తోటలలో పీర్ల పండుగ నాడు హిందువులును కలిసి రంగుకాగితములతో, తళుకు రేకులతో తాజియాలను సింగారించి ఊరేగించిరి. ఒడలికి చారలు దిద్దుకొని పులివేషములు ఆడిరి. ఆంధ్రదేశపు ఊళ్లలో నేటికిని పీర్ల పండుగకు పులివేషములు కట్టుట చూచినవారికి ఆ సంబంధము వేరుగా చెప్పనక్కరలేదు.

కడప జిల్లా ఈ కథలో రెండు మారులు వచ్చును. 1885లో ఆ జిల్లాలోని సురభి గ్రామమున కీచకవధ నాటకముతో ఆరంభమైన సురభి నాటక సమాజము తరతరములుగా కుటుంబము కుటుంబమే వేషము కట్టుటకు పేరుపడినది. అదే జిల్లా నుండి, ఉభయ గోదావరి సీమల నుండి ఇటీవలి దశాబ్దములలో వేలాది స్త్రీలు ఇంటిపనికై కువైటునకు పోయిరి. తోటకు పోయిన ముత్తవ్వ వ్రేలిముద్ర వేసినది గిరిమిట్టు పత్రముపై. ఈమె చేతనున్నది వీసా కాగితము. రెండును ఒకటి కావు. అయినను పరుల ఇంట పండుగకు పిల్లలను సింగారించుచు, తన పిల్లలను తలచుకొనుట ఇద్దరికిని తెలిసిన పనియే.

కువైటు దేశపు ఫర్వానియా మండలమున అర్దియా అను నివాసప్రాంతము కలదు. రంజాను మాసము నడుమ, పదుమూడవ, పదునాలుగవ, పదునైదవ రాత్రులలో అక్కడి వీధులలో ‘గిర్గియాన్’ జరుగును. పిల్లలు మెడలో సంచులు వ్రేలాడవేసికొని పాటలు పాడుచు ఇంటింటికి పోయి మిఠాయిలు, పల్లీలు, బాదములు పోయించుకొందురు. సంక్రాంతి నెలలో హరిదాసు పాత్రలో బియ్యము పోయించుకొను దృశ్యము తెలుగువారికి జ్ఞప్తికి రాకపోదు. బాలికలు ధరించు ‘బుఖ్నక్’ అనునది తలమీదుగా మెడచుట్టు జారు నల్లని పలుచని వస్త్రము. ముఖము చుట్టును ముందువైపునను బంగారు దారపు పని యుండును. పెద్దవారి ఉత్సవ వస్త్రమగు ‘థోబ్ నషల్’ పైని చమ్కీలు మరింత ఒత్తుగా కుట్టియుండును. ఆ బంగారు దారమును అచటివారు ‘జరీ’ యనియే పిలుతురు. తెలుగు చీర అంచున నున్న జరీ, ఆ అరబ్బు బాలిక నెత్తి మీది జరీ, మాటగా ఒక్కటే. పారశీక భాషలో ‘జర్’ అనగా బంగారము. 1961లో దినారు వచ్చువరకు కువైటు బజారులో చెల్లినది రూపాయియే యన్నచో, సముద్రమునకు ఇరువైపుల నున్న అంగళ్ల చుట్టరికము ఎంత పాతదో ఊహింపవచ్చును.

ఇట్టి రాత్రులలో ముఖమునకును తళుకు పూయు ఆచారము ఇటీవల బాగుగా పెరిగినది. ఫిబ్రవరి 25, 26 తేదీలలో వచ్చు జాతీయ దినము, విమోచన దినములకు పిల్లల చెక్కిళ్లపై జెండా రంగులు, వాటిపై మెరుపుపొడి దిద్దుట సామాన్యము. ఆ దినములలో నురుగు డబ్బాలు, నీటి బుడగలు విసరుకొనుటచేత కండ్లకు గాయములగుట, అధికారులు వారించుట పలుమారులు జరిగినది. తళుకుపొడి విషయమున అట్టి కేక వినబడదు. అది మెల్లగా హాని చేయును గనుక కాబోలు! పిల్లల ముఖము దిద్దు పని చాల ఇండ్లలో పనిమనిషి చేతికే వచ్చును. పొడి కొనునది ఇంటివారు, పూయునది ఆమె, కంట పడినచో మాట పడునదియు ఆమెయే. కావున ఆ పొడి యెట్టిదో ఎరుగుట ఆమెకు ఎంతయు అవసరము. డర్బనులోగాని మారిషస్‌లోగాని ఉగాది రంగస్థలమునకు బిడ్డను సిద్ధము చేయు తల్లికిని అంతే.

నేడు అంగళ్లలో తళుకుపొడి పేర అమ్మునది ప్రాయికముగా అభ్రకము కాదు. 1934 ప్రాంతమున అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున హెన్రీ రష్‌మన్ అను యంత్రకారుడు పలుచని రేకులను అతి సన్నముగా నరకు ఉపాయము కనుగొనెనని చెప్పుదురు. ఇప్పుడు పాలియెస్టరు పొరకు అల్యూమినియమ్ పూత పట్టించి, రంగు వేసి, ఆరు మూలల తునుకలుగా నరకుదురు. ఆరు మూలలనగా ఆరు మొనలు. పుస్తకముల అట్టలకు, పండుగ కార్డులకు చల్లు పొడి తునుకలు ముతకగా, అంచులు కరకుగా నుండును. ముఖమునకని తయారైనవి మరింత సన్నవి. దాని రంగులును శరీరమునకు పనికివచ్చునవిగా ఎన్నికైనవి. సీసాలో చూచినపుడు రెండును ఒక్కతీరుగనే మెరయును. అపాయమంతయు అక్కడనే యున్నది. పాఠశాల సామగ్రి అమ్ము అంగడిలోని పొడి ధర తక్కువ. ముఖమునకదియు చాలునను భ్రమ కలుగును. చీటీపై సౌందర్యసామగ్రి యని, కంటిచుట్టు వాడదగినదని స్పష్టముగా లేనిదానిని కంటి దరికి తేరాదు. వ్రేళ్ల నడుమ రాచి చూచుట ఒక సులువైన పరీక్ష. ఇసుకవలె గరగరలాడినది రెప్పకు తగదు. ఐరోపా సమాఖ్య 2023 అక్టోబరు నుండి చేతిపనులకు వాడు విడి ప్లాస్టిక్ తళుకుపొడి అమ్మకమును నిషేధించెను. ముఖాలంకరణ సామగ్రికి మాత్రము 2035 వరకు గడువిచ్చెను. ఆ నిషేధము నీటిలో కలియు ప్లాస్టిక్ రేణువులను గూర్చినదే కాని కంటిని గూర్చినది కాదు.

ఇక దిద్దు విధానము. పండుగకు ముందునాడే మోచేతి లోపలివైపున కొంచెము పూసి ఒక రాత్రి ఉంచి చూడవలెను. దురద, దద్దు లేచినచో ఆ సరకును విడిచిపెట్టుట తప్ప వేరు మార్గము లేదు. మరునాడు ముఖము కడిగి తడి అద్దవలెను. కాంటాక్టు లెన్సులు ధరించువారు వానిని ముందే పెట్టుకొనవలెను. పొడి అంటిన వ్రేళ్లతో తరువాత పెట్టుకొనుట కోరి ముప్పు తెచ్చుకొనుటయే. కంటి అలంకరణ ముగించిన పిమ్మటనే ముఖపు అడుగుపూత, పౌడరు వేయుట మంచిది. తళుకు ఎంత జాగ్రత్తగా దిద్దినను కొంత చెక్కిలిపై రాలును. అడుగుపూత ముందే వేసియున్నచో రాలిన పొడి దానికి అంటుకొని, ముఖమంతయు మసకగా మెరయును. ఈ ఒక్క క్రమము తప్పుట వలననే అనేకుల అలంకరణ చెడుచున్నది.

తళుకు నిలుచుటకు అడుగున జిగురు వలయును. ముఖమునకని అమ్ము జిగురు ఉత్తమము. అది లేనిచో చెక్కిళ్ల వరకు వాసెలీను పలుచగా రాచిన చాలును. రెప్పలపై వాసెలీను కరగి జారును కనుక అక్కడ పనికిరాదు. కాగితములంటించు బంకను ముఖమునకు రాచుట ఎన్నడును కూడదు. కుంచెను కొంచెము తడిపి, పొడిలో అద్ది, మూతపై ఒకసారి తట్టి, అధికమైనది రాల్చవలెను. పిమ్మట కుంచెతో ఈడ్వరాదు, అద్దవలెను. ఈడ్చినచో తునుకలు నలుదెసల చెదరి కంటిలోనికి పోవును. దిద్దించుకొనువారు కన్ను మూసి, గడ్డము కొంచెమెత్తి, దిద్దునంతసేపు తెరువక యుండవలెను. రెప్పవెండ్రుకల మొదలునకు వరిగింజంత ఎడము విడిచి, రెప్ప నడుమ ఉబ్బెత్తుగా నున్న చోట మాత్రమే అద్దవలెను. కంటి లోపలి మూలను విడువవలెను. అక్కడ చుక్క పెట్టుట నేటి వేడుకయే కాని, కన్నీరు చేరు ఆ చోట పెట్టిన తునుక కంటిలోనికి జారుట నిశ్చయము.

వెలుతురు పడు ఉబ్బెత్తు చోటులనే తళుకు శోభించును. చెక్కిలి యెముక పైభాగము, కనుబొమ క్రింది గట్టు, బొట్టు చుట్టును చిన్న వలయము, ఇంతే చాలును. ముఖమంతటను పూసినచో అది జ్వరపు చెమటవలె కానవచ్చును. చామనఛాయ వారికి బంగారు, రాగి, మామిడిచిగురు ఛాయలు నప్పును. వెండి ఛాయ అట్టి చర్మముపై తరచు బూడిదవలె తోచును. రంగస్థలమునకు కొంచెము పెద్ద తునుకలు కావలెను, దూరమునకు సన్నపొడి కానరాదు. ఇంటిలో పూజకు, పేరంటమునకు సన్నని అభ్రకపు పొడియే అందము. ఛాయాచిత్రము తీయువారి మెరుపుదీపమునకు పెద్ద తునుకలు తెల్లని మచ్చలుగా పడునని కూడ గుర్తుంచుకొనవలెను.

కువైటులోని గృహకార్మికులకు 2015 నాటి 68వ చట్టము వారమునకొక దినము సెలవును విధించినది. ఆ సెలవు చేతికి చిక్కిననాడే ఉగాదియైనను సంక్రాంతియైనను. అట్టి గడియలో నలుగురు కలిసి సింగారించుకొనునపుడు ఒకే కుంచె చేతులు మారుట సహజము. అది కండ్లకలకకు రాజమార్గము. ఎవరి కుంచె వారిది. లేనిచో దూదిపుల్ల ఒకటి తీసి వాడి పారవేయవచ్చును. కాటుక విషయమున మరియొక జాగ్రత్త కలదు. అరబ్బు బజారులలోను మన బజారులలోను సుర్మాగా, కొహల్‌గా విడిగా అమ్ము రాతిపొడి కొన్నిట సీసపు ఖనిజమే. పసిపిల్లలకు అది పెట్టరాదు. ఆముదపు దీపము మసితో ఇంట చేసిన కాటుకలో సీసము లేకున్నను, కంటి లోపల పెట్టుట వైద్యులు ఒప్పరు. ఎల్లప్పుడు కన్ను నులుముకొను వయస్సు పిల్లలకు కంటి చుట్టును తళుకే వలదు. చెక్కిలిపై ఒక నక్షత్రము దిద్దిన చాలును. చేతులకు దిద్దుట అసలే వలదు, ఆ చేయి నోటికో కంటికో పోవును.

ఎంత జాగ్రత్త పడినను తునుక కంట పడవచ్చును. కంటి నల్లగుడ్డుపై కార్నియా అను పారదర్శకమైన పొర కలదు. మొన గల తునుక రెప్ప క్రింద చిక్కియుండగా కన్ను నులిమినచో ఆ పొర గీరుకొనును. గీరిన చోట క్రిములు చేరినచో పుండై, చూపునకే మోసము రావచ్చును. అందుచేత మొదటి పని నులుమకుండుట. బిడ్డ చేతులు పట్టుకొని, తన చేతులు సబ్బుతో కడుగుకొని, లెన్సు ఉన్నచో తీసివేసి, తల ప్రక్కకు వంచి, శుభ్రమైన గోరువెచ్చని నీటిని కంటి లోపలి మూల నుండి బయటి మూలకు పారునట్లు పదునైదు నిమిషములు పోయవలెను. చీరకొంగు కొన మెలిపెట్టి తుడుచుట, నోటితో ఊదుట, చనుబాలు, ఆముదము వేయుట తెలుగు ఇండ్లలో పాత అలవాట్లు. ప్రేమతో చేయునవే యైనను ఇవన్నియు కీడు చేయును. కడిగిన తరువాతను నొప్పి, ఎఱుపు, నీరు కారుట, వెలుతురు చూడలేకుండుట తగ్గనిచో ఆ దినమే కంటివైద్యుని చూపవలెను. పరుల ఇంట పనిచేయు స్త్రీ తనను నిందింతురను భయముతో దీనిని దాచుట కలదు. అట్లు దాచిన ఒక్క రాత్రి ఆ బిడ్డ చూపునకు చేటు కావచ్చును. ఇంటివారితో వెంటనే చెప్పుటయే ఆమెకును రక్ష.

తుడుచుట కూడ దిద్దుటవంటి పనియే. నీళ్లు చల్లగానే తళుకు పోదు, చెదరును. దూదికి కొబ్బరినూనె గాని, కంటి అలంకరణ తుడుచుటకని అమ్ము ద్రవము గాని తడిపి, మూసిన రెప్పపై కొంతసేపు అదిమి ఉంచి, ఒక్కసారి పైనుండి క్రిందికి తీయవలెను. ప్రతిసారి క్రొత్త దూది. చెక్కిళ్లపై మిగిలినదానిని అంటు టేపు తునకను మెల్లగా అద్ది తీయవచ్చును. రెప్పలపై టేపు తగదు. పిమ్మటనే సబ్బు, నీరు. తుడిచిన దూదిని, టేపును కాగితమున చుట్టి చెత్తబుట్టలో వేయవలెను. కాలువలో కడిగివేసిన ప్లాస్టిక్ తునుక సముద్రము చేరును. దిండుగలీబును ఆ రాత్రియే మార్చుట మేలు. తలవెండ్రుకలలో దాగిన పొడి నిద్రలో దిండుపై రాలి, ఉదయము కంట పడును. మిగిలిన పొడిని గట్టి మూత గల డబ్బాలో, తడి తగులని చోట, పిల్లలకు అందకుండ ఎత్తున నుంచవలెను. డబ్బాపై కొన్న తేదీ వ్రాసినచో మరుసటి పండుగకు అది వాడదగునో కాదో తెలియును.